సున్నా అల్మారా

మొన్న సోమవారం రెండో పీరియడ్‌లో నేనొక తప్పు చేశాను. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు పీహెచ్ చెబుతున్నాను. ద్రావణంలో ఆమ్లగుణం ఎంతో, క్షారగుణం ఎంతో ఒక అంకెలో చెప్పే కొలత అది. బోర్డు మీద చిన్న పి, పక్కన పెద్ద హెచ్ రాశాను. హెచ్ అంటే హైడ్రోజన్, పి అంటే పవర్ అని చెప్పి ముందుకు పోయాను. ఇరవై నాలుగేళ్లుగా అలాగే చెప్పి ముందుకు పోతున్నాను.

మూడో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. ములుగు అవతల నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుతున్న పిల్ల. నెమ్మదిగానే అడిగింది. ఒక పుస్తకంలో పవర్ అని ఉందట, ఇంకో దాంట్లో పొటెన్షియల్ అని ఉందట, ఫోన్లో చూస్తే లాటిన్ మాటేదో వచ్చిందట. ఏది నిజం సార్ అంది.

నాకు తెలియదు. ఆ మాట అనడానికి అర నిమిషం కూడా పట్టదు. కానీ నేనన్నది వేరు.

“మేడారం తొవ్వల గూడ నెట్ మంచిగనే వస్తాందే” అన్నాను. “గది పరీక్షల రాదు గని, కూసో.”

తరగతంతా నవ్వింది. ఆ పిల్ల కూర్చుంది. తల దించుకోలేదు, ఏడవలేదు. పెన్ను మూత పెట్టి పక్కన పెట్టింది. ఆ గంటలో మళ్లీ దాన్ని తీయలేదు.

మధ్యాహ్నం అదే బ్యాచికి ల్యాబ్. అందరూ బ్యూరెట్లతో కుస్తీ పడుతుండగా ఆ అమ్మాయి ఒక సీసా పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. లోపల నీళ్లలాంటి ద్రవం. సీసాకు అంటించిన కాగితం ఊడి ఎటో పోయింది.

“చిట్టి ఊడిపోయింది సార్. ఇదేందో నాకు తెల్వదు” అని, సీసా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

పొద్దున నేనలా అన్న తర్వాత కూడా ‘తెల్వదు’ అనే మాట నా ముందు అనగలిగింది. నా చెయ్యి అలవాటు కొద్దీ జేబులోని పెన్ను మీదికి పోయింది. ఏ వరుసలో నుంచి తెచ్చిందో చూసి, ఇది ఫలానా అని రాసేద్దామనే. పెన్ను సగం తీశాక ఆగిపోయాను. వెనక నుంచి ఎవరో అడిగినట్టే అనిపించింది, ‘తెల్సా సారూ, అనుకుంటాండ్రా?’ అని.

అలా అడిగే మనిషి పోయి మూడేళ్లవుతోంది.

ఆయన పేరు రాయను. కాలేజీలో అందరికీ కాకానే. ప్రిన్సిపాలుకు కూడా కాకానే. నేను ఇదే కాలేజీలో కొత్తగా చేరినప్పుడు ఆయన రసాయనశాస్త్రం ల్యాబ్ అటెండరు. చదివింది ఏడో తరగతి. ఖాకీ చొక్కా, చెవి మీద పెన్సిలు. ఆ చొక్కా కింది అంచు నిండా ఆమ్లం బొట్లు పడి చిన్న చిన్న చిల్లులు. కొత్త చొక్కా కుట్టించుకోరాదా కాకా అంటే, దాని మీద కూడా పడుతుంది కదా, కొత్త దానికి ఆ కష్టమెందుకు అనేవాడు.

ఏ సీసానూ ముక్కు దగ్గర పెట్టుకునేవాడు కాదు. మూత తీసి, జానెడు దూరంలో పట్టుకుని, అరచేత్తో గాలిని తన వైపు విసురుకుని వాసన చూసేవాడు. పిల్లలకు అది నేర్పాలి కాబట్టి అలా చేస్తున్నాడని మొదట అనుకున్నాను. తర్వాత ఒక రోజు క్యాంటీన్లో చాయ్ గ్లాసు అందుకుని దాన్ని కూడా అలాగే విసురుకుంటుంటే చూశాను. మా తోటి లెక్చరర్ పెళ్లిలో విస్తరి ముందు కూర్చుని పప్పుచారును విసురుకున్నాడు. వడ్డించే అతను చిన్నబుచ్చుకుని, పొద్దున వండిందే కాకా, పాసిపోలేదు అన్నాడు. కాకా చెయ్యి దించి తినడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాల తర్వాత పెరుగు వచ్చింది, మళ్లీ విసురుకున్నాడు.

అన్నం తినే ముందు మూడుసార్లు సబ్బుతో చేతులు కడిగేవాడు. నాలుగోసారి వేళ్లు వాసన చూసుకుని, తృప్తి లేకపోతే మళ్లీ కడిగేవాడు. ల్యాబ్ లోపల మాత్రం ఎన్నడూ తినలేదు. మెట్ల మీద కూర్చుని, ఉల్లిగడ్డ కొరుకుతూ తినేవాడు. వృక్షశాస్త్రం అటెండరుతో ఆయనకు ఏళ్ల తరబడి పగ. ఆకులు నానబెట్టుకోవడానికి స్పిరిట్ తీసుకుపోయి, ఖాళీ సీసాలో నీళ్లు పోసి తెచ్చి పెట్టాడట ఒకసారి. దొంగతనాన్ని క్షమించాడు కానీ నీళ్లు పోయడాన్ని క్షమించలేదు. “కొంటవోతె కొంటవో” అనేవాడు. “గని స్పిరిట్ అని రాసున్న సీసల నీళ్లు వోస్తవా?”

చిట్టీలంటే ఆయనకు అంత పట్టింపు. ప్రతి సీసాకూ తెల్లకాగితం కత్తిరించి, నల్ల సిరాతో ముత్యాల్లాంటి అక్షరాలు రాసి, గంజితో అంటించేవాడు. ఆరిన తర్వాత కొవ్వొత్తి ముక్క తీసుకుని దాని మీద మెల్లగా రుద్దేవాడు. మైనం పట్టాక నీళ్లు పడ్డా, ఆమ్లం ఆవిరి తగిలినా అక్షరం చెదరదు. ఆ కొవ్వొత్తి ముక్క ఎప్పుడూ బల్ల సొరుగులో ఉండేది. కరెంటు పోయినప్పుడు దాన్ని వెలిగించబోయిన వాళ్లకు చీవాట్లు పడేవి.

అంత జాగ్రత్త పడ్డా అప్పుడప్పుడు చిట్టీలు ఊడిపోయేవి. అలాంటి సీసాను కాకా పారబోయడు, ఊహించి మళ్లీ చిట్టీ అంటించడు. మూలన ఉన్న చిన్న అల్మారాలో పెడతాడు. ఆ సీసాకు అంటించే కాగితం మీద ఒక గుండ్రటి సున్నా, అంతే. తీరిక దొరికినప్పుడు లెక్చరర్లలో ఎవరో ఒకరి చేత పరీక్ష చేయించి, ఏమిటో తేలాకే బయటికి తీసేవాడు. పిల్లలు దానికి సున్నా అల్మారా అని పేరు పెట్టారు. తెలివి తక్కువ వాళ్లను ‘వీన్ని సున్నా అల్మారల వెట్టున్రి’ అని ఏడిపించుకునేవారు. కాకా అది విని కోపగించుకునేవాడు. “అండ్ల ఉన్నయన్ని మంచి సరుకులే బిడ్డా” అనేవాడు. “మనకు తెల్వదు, గంతే. సీస అబద్ధమాడది. చిట్టి ఆడ్తది.”

ఈ పట్టింపు ఎక్కడిదో ఒకసారి చెప్పాడు. వాళ్లది కొత్తవాడ. తండ్రి తివాచీల ఉన్నికి రంగులద్దే పనివాడు. ఉన్నికి రంగు పట్టాలంటే కాగులో పులుపు సరిపోవాలి. ఆ రోజుల్లో కొలవడానికి ఏముంది? కాగులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, ఇంకొంచెం పొయ్యండి, ఇక చాలు అని చెప్పేవాడట. కొత్తవాడంతా ఆయన నాలుకను నమ్మేదట.

“ఆఖరికి కూరల ఉప్పున్నదా లేదా తెల్వకుంట వాయె మా బాపుకు” అన్నాడు కాకా. “అయినా అడిగినోళ్లకు చెప్తనే ఉండె. తెల్వది అనేటందుకు సిగ్గు. ఎన్ని ఉన్ని కట్టలు కరాబైనయో.”

అందుకేనేమో పీహెచ్ కాగితమంటే ఆయనకు ముచ్చట. ద్రావణంలో ముంచితే రంగు మారే పట్టీలవి. నాలుక అక్కర్లేకుండా పులుపు చెప్పే కాగితం. డబ్బా మీది రంగులన్నిటికీ ఆయన సొంత పేర్లు పెట్టుకున్నాడు. మూడు దగ్గర దానిమ్మ గింజ, ఆరు దగ్గర పండిన నిమ్మకాయ, తొమ్మిది దగ్గర నెమలి మెడ. పిల్లలు రికార్డుల్లో నెమలి మెడ అని రాసి మా చేత తిట్లు తినేవారు.

ఆ కాగితాల డబ్బా చూసే ఆయనకు ఆ సందేహం పుట్టింది. కొత్త లెక్చరర్ ఎవరు వచ్చినా, వారం పది రోజులు గడవనిచ్చి, బల్ల తుడుస్తూ ఏమీ ఎరగనట్టు అడిగేవాడు: “సారూ, హెచ్ అంటె హైడ్రోజను. మరి పక్కన గా చిన్న పి ఎవ్వరు?”

ఏమిటి అని కాదు, ఎవరు అనే అడిగేవాడు. నన్నూ అడిగాడు. పవర్ అన్నాను. బల్ల తుడుస్తున్న చెయ్యి ఆపి, “తెల్సా సారూ, అనుకుంటాండ్రా?” అన్నాడు.

తెలుసన్నాను. ఆయన వేళ్లు మడిచి లెక్క చెప్పాడు. నాకంటే ముందున్న సారు కూడా పవరే అన్నాడట. ఆయన కంటే ముందటి మేడం పొటెన్షియల్ అంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఇంకొకాయన జర్మనీ మాటేదో చెప్పాడు. పాత హెడ్డు నీకెందుకని కసిరాడు. అందరి మాటలూ చెప్పి, చేతిలోని గుడ్డ దులిపి నవ్వాడు.

“ఒక్క సీసకు మూడు చిట్టీలుంటె ఏం జేస్తం సారూ? సున్నా అల్మారల పెడ్తం.”

నాకు అది అవమానంగా అనిపించింది. ఏడో తరగతి చదివిన మనిషి నా మాటను అల్మారాలో పెడతానంటున్నాడు. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి ఏడాది కూడా కాలేదు.

ఆ యేడు ప్రాక్టికల్ పరీక్షల రోజు పొద్దున ఒక పొరపాటు బయటపడింది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసాలు రెండు తక్కువయ్యాయి. గాఢ ఆమ్లం స్టాకు అయిపోయింది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అప్పటికే ప్రిన్సిపాల్ గదిలో చాయ్ తాగుతున్నాడు. నేను అటూ ఇటూ వెతికి సున్నా అల్మారా తెరిచాను. నిండుగా ఒక పెద్ద సీసా కనబడింది. నీలం లిట్మస్ ముంచితే ఎర్రబడింది. ఆమ్లమే. ఇది హైడ్రోక్లోరిక్కే అని తేల్చేశాను.

కాకా అదే మాట అడిగాడు, తెలుసా, అనుకుంటున్నారా అని. సిల్వర్ నైట్రేట్ ఒక్క చుక్క వేసి చూద్దాం, రెండు నిమిషాల పని అన్నాడు. హైడ్రోక్లోరిక్ అయితే తెల్లగా విరుగుతుంది. ఆ సంగతి నాకూ తెలుసు.

“లెక్చరర్ను నేనా, నువ్వా?” అన్నాను.

ఆయన పక్కకు జరిగాడు. చిట్టీ నేనే రాశాను. నేనే అంటించాను. కొవ్వొత్తి రుద్దే తీరిక లేదు.

అది సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఉప్పులో ఏముందో కనుక్కునే పరీక్షలో మొదటి మెట్టుకు హైడ్రోక్లోరిక్ పోస్తారు. మేమిచ్చే ఉప్పుల్లో లెడ్ ఉన్నదొక్కటే దానికి తెల్లగా విరిగి అడుక్కు దిగుతుంది. సల్ఫ్యూరిక్ పోస్తే బేరియం కూడా అచ్చం అలాగే దిగుతుంది. ఆ సీసా ఉన్న వరుసలో బేరియం ఉప్పు వచ్చిన పిల్లలందరూ లెడ్ అని రాశారు. తర్వాత చేసే పరీక్షలో పసుపు రంగు రావాల్సింది రాకపోతే, మొదటి మెట్టును నమ్మి, వచ్చిందని రాశారు. ఒక పిల్ల మాత్రం రాలేదనే రాసి, కాగితం ముందు పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది. ఎగ్జామినర్ ఆ పిల్ల దగ్గర ఆగి, కాగితం చూసి, వరుసగా మిగతా కాగితాలు చూసి, సీసా ఏది అన్నాడు.

నేను సీసా ఉన్న మూలకు చేరేసరికి కాకా సీసాను నీళ్ల తొట్టిలో ముంచి ఉన్నాడు. నా చేతిరాత ఉన్న కాగితం ఊడివచ్చి ఆయన వేళ్ల మధ్య నలిగి ముద్దయింది. ఎవరు అంటించారయ్యా ఇది అని ఎగ్జామినర్ అడిగితే, “నేనే సార్. పొరపాటైంది” అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిచాను. మాట రాలేదు అని రాస్తే అబద్ధమవుతుంది. నేను రానివ్వలేదు.

పిల్లలకు అదే రోజు మళ్లీ పరీక్ష పెట్టారు, వాళ్లకు నష్టం జరగలేదు. నష్టపోయింది కాకా ఒక్కడే. ప్రిన్సిపాల్ ఆయన చేత స్టాకు రిజిస్టరులో సంజాయిషీ రాయించి, ల్యాబ్ నుంచి తీసేసి, ఆఫీసు ముందు బెల్లు కొట్టే పనిలో పెట్టాడు. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని చెప్పులేసుకుంటున్న ఆయన దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. నేను ఏమీ అనకముందే ఆయనే అన్నాడు.

“మీది ఇంక పర్మినెంటన్నా గాలె సారూ. నాది రెండేండ్లల్ల ఒడుస్తది. ఫికర్ జెయ్యకుండ్రి.”

నేను ఫికర్ చేయలేదు. అదే నా నేరం. నిజం చెప్పడానికి రేపు ఉంది, ఎల్లుండి ఉంది అనుకున్నాను. నా ఉద్యోగం ఖాయమైంది. అప్పుడూ చెప్పలేదు.

ఆ రెండేళ్లూ కాకా గంటలు క్షణం తేడా లేకుండా కొట్టాడు. మధ్యాహ్నం ఉల్లిగడ్డ కొరుక్కుంటూ వచ్చి ల్యాబ్ కిటికీ బయట నిలబడి లోపలికి చూసేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు. “మూడో వరుసల సీస మూత వదులున్నది, జర చూడుండ్రి” అని చెప్పి వెళ్లేవాడు. రిటైరయ్యే రోజు దండ వేయించుకుని, నా దగ్గరికి వచ్చి, చిన్న పి సంగతి ఏమైనా తెలిసిందా సారూ అని అడిగాడు. ఆయన నవ్వుతూనే అడిగాడు. నేనూ నవ్వి, పవరే కాకా అన్నాను.

తర్వాత నాకు బదిలీలయ్యాయి. రెండేళ్ల కిందట మళ్లీ ఇక్కడికే వచ్చాను. కాకా చనిపోయిన వార్త అంతకు ముందే వేరే ఊళ్లో ఉండగా వారం ఆలస్యంగా తెలిసింది. కొత్తవాడ వెళ్లి వాళ్లింటి వాళ్లను పలకరించలేదు. ఏ ముఖంతో వెళ్లాలో తెలియలేదు.

సోమవారం ల్యాబ్ అయిపోయాక, ఆ అమ్మాయి తెచ్చిన సీసాను పక్కన పెట్టి, లైబ్రరీలో కూర్చుని మొదటిసారి వెతికాను. ఇరవై నాలుగేళ్లలో మొదటిసారి. వందేళ్లకు పైబడిన మాట. డెన్మార్కులో ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో పని చేసిన శాస్త్రవేత్త ఈ గుర్తు పెట్టాడు. పి అంటే ఏమిటో తేటగా ఎక్కడా చెప్పలేదట. ఆయన తన వ్యాసాలు రాసిన భాషల్లో బలానికీ, లెక్కల్లోని ఘాతానికీ ఉన్న మాటలు పి అక్షరంతోనే మొదలవుతాయి కాబట్టి ఎవరికి నచ్చింది వాళ్లు చెబుతూ వచ్చారు. లాటిన్ మాటలు తర్వాత చేరాయి. ఆ కాగితాలు శ్రద్ధగా చదివిన ఒకరు మాత్రం ఇంకో సంగతి చెప్పారు. ప్రయోగంలో రెండు ద్రావణాలుంటే ఆయన ఒకదాన్ని పి అని, రెండోదాన్ని క్యూ అని పిలుచుకున్నాడట. ఆ పి అలాగే ఉండిపోయి ఉండవచ్చునట.

అంటే ఏదో ఒక పాత్రకు అంటించిన చిట్టీ. అంతకు మించి అర్థమేమీ లేకపోయి ఉండవచ్చు. అదీ ఖాయం కాదు. చదువుతున్నంతసేపూ నాకు కాకా వేళ్లు మడుస్తూ కనబడ్డాడు. ఈ ముచ్చట ఆయనకు చెప్పి ఉంటే అరచేత్తో విసురుకుని వాసన చూసి, ‘ఇదీ సున్నా అల్మారలనే’ అని ఉండేవాడు.

మర్నాడు రెండో పీరియడ్‌లో బోర్డు మీద పీహెచ్ అని రాసి, పి కింద ఒక సున్నా చుట్టాను. నిన్న నేను చెప్పింది నాకు తెలిసిన మాట కాదని, అనుకున్న మాట అని చెప్పాను. ఎవరెవరు ఏమంటున్నారో చెప్పి, ఇది ఇదమిత్థంగా ఎవరికీ తెలియదని చెప్పాను. తర్వాత ఆ అమ్మాయిని లేపకుండానే, ఆమె బెంచీ దగ్గరికి వెళ్లి నిలబడి అన్నాను.

“నిన్న నువ్వు అడిగింది మంచి ప్రశ్న. నాకు తెల్వక నిన్ను, మీ ఊరిని కలిపి నవ్వులపాలు జేసిన. తప్పు నాదమ్మా. మాఫ్ చెయ్యి.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల బోర్డు మీది సున్నా వైపు చూసింది.

“మరి పరీక్షల వస్తే ఏం రాయాలె సార్?”

“తెల్వదని రాయి. మార్కు కట్ చేస్తే నా పేరు చెప్పు.”

వెనక బెంచీలో ఒకడు, అన్ని ప్రశ్నలకూ అదే రాయొచ్చా సార్ అన్నాడు. అప్పుడు నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వి, పెన్ను మూత తీసింది. పి కింద సున్నాతో సహా రాసుకుంది. తర్వాత వాళ్లకు కాకా గురించి చెప్పాను. నెమలి మెడ గురించి, పప్పుచారు గురించి, చివరికి ఆ సీసా గురించి. చిట్టీ ఎవరు అంటించారో కూడా చెప్పాను. ఆ మాట నేను పైకి అనడం అదే మొదలు.

సాయంత్రం ప్రిన్సిపాల్‌కు సంగతంతా చెప్పి, అనుమతి తీసుకుని, పాత రిజిస్టర్లున్న బీరువా తెరిపించాను. రెండేళ్లుగా దాని ముందు నుంచే నడుస్తున్నాను. ఆ యేటి స్టాకు రిజిస్టరు అట్ట ఊడిపోయి ఉంది. పేజీ దొరికింది. రిమార్కుల గడిలో నల్ల సిరాతో అవే ముత్యాల్లాంటి అక్షరాలు: ‘ఆమ్లం సీసాకు చిట్టీ నేను తప్పుగా అంటించినాను.’ కింద ఆయన సంతకం.

ఆయన జీవితంలో అంటించిన తప్పుడు చిట్టీ ఇదొక్కటే. సీసాకు కాదు, తనకు తానే.

ఆ సంతకం కింద రాశాను: ‘పై మాట నిజం కాదు. ఆ చిట్టీ రాసింది, అంటించింది ఆయన కాదు, నేను. ఆయన వద్దన్నాడు.’ నా పేరు, హోదా, ఆ రోజు తేదీ వేసి సంతకం చేశాను. ఆదివారం కొత్తవాడ వెళ్లి వాళ్లింట్లో చూపించడానికి ఆ పేజీ జిరాక్స్ తీసుకున్నాను.

సిరా ఆరేదాకా ఆగాను. తర్వాత రిజిస్టరు పట్టుకుని ల్యాబ్‌కు వెళ్లి బల్ల సొరుగులో వెతికితే అడుగున ఒక కొవ్వొత్తి ముక్క దొరికింది. ఆయనదో, ఆ తర్వాత వచ్చిన వాళ్లదో, నాకు తెలియదు. దాన్ని నేను రాసిన దాని మీద మెల్లగా, అంచుల దాకా రుద్దాను.